డ్రాయింగు మాస్టారి రంగుల కోళ్లు

ముప్పై మూడేళ్లు బడిపిల్లలకు రంగులు కలపడం నేర్పాను. పసుపులో నీలం పోస్తే ఆకుపచ్చ, ఎరుపులో పసుపు పోస్తే నారింజ, అన్నీ కలిపి కొడితే బురద. మూడో పాఠం మాత్రం నేను చెప్పకుండానే పిల్లలందరికీ వచ్చేసేది. నేనే దాన్ని అరవై దాటాక, అదీ కోళ్ల దగ్గర, మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది.

మా ఇల్లు తిరుపతి నుంచి చంద్రగిరి వెళ్లే దారిలో. వెనక కొంచెం దొడ్డి, ఒక వేపచెట్టు, రెండు మునగచెట్లు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ దొడ్డి ముఖం చూడని మనిషి రోజూ అక్కడే కుర్చీ వేసుకుని కూర్చునేసరికి మా ఆవిడకు భయం పట్టుకుంది. "ఏదో ఒక వ్యాపకం చూసుకోండి. లేకపోతే వచ్చి నా వంటింట్లో చూసుకుంటారు" అంది. ఆమె ఉద్దేశం పూలకుండీలు.

పీలేరులో స్నేహితుడి ఇంట పెళ్లికి వెళ్లినప్పుడు అసిల్ పుంజును మొదటిసారి దగ్గరగా చూశాను. మనం రోజూ చూసే కోడి నేలకు అడ్డంగా నడుస్తుంది. ఇది నిలువుగా నిలబడింది. పొడవాటి మెడ, ఒంటికి అతుక్కుపోయిన బిరుసు ఈకలు, తల మీద పెద్ద కిరీటానికి బదులు చిన్న బుడిపె, గడ్డం కింద వేలాడే తోలు దాదాపు లేనట్టే. నాలుగు కిలోలకు తగ్గదు. అది నన్ను ఎగాదిగా చూసిన చూపులో, ఒకప్పుడు బడి తనిఖీకి వచ్చి నా బల్ల సొరుగు తెరిపించిన అధికారి కనిపించాడు. అసిల్ అంటే అరబ్బీలో అచ్చమైనది, మేలుజాతిది అని అర్థం. మనం రోజూ వాడే 'అసలు' కూడా ఆ కుదురు మాటే. ఇది తెలిశాక ఆ పుంజు మీద నాకున్న గౌరవం ఇంకో మెట్టు ఎక్కింది.

అయినా నన్ను పడగొట్టింది కోడి కాదు, రంగుల పేర్లు. నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఎర్రనిది డేగ. రెక్కల మీదో వీపు మీదో పసుపు మెరిస్తే నెమలి. ఎరుపులో బూడిద కలిస్తే మైల. మెడ మీద నలుపూ తెలుపూ సరిసమానంగా ఉంటే పర్ల. ఒక్కొక్క ఈకలోనే మూడు రంగులు పలికితే పూల. ఇక పింగళ, కౌజు, అబ్రాసు, కొక్కిరాయి! జీవితమంతా పన్నెండు బిళ్లల రంగులపెట్టెతో నెట్టుకొచ్చినవాణ్ణి, నాకు తల తిరిగిపోయింది. కుక్కుట శాస్త్రం అని ఒకటి ఉంది. ఏ వారం నాడు ఏ రంగు కోడి ఏ రంగు కోడిని గెలుస్తుందో అందులో చెబుతారు. ఆ పంచాంగంతో నాకు పని లేదు. కోళ్లను కొట్లాటకు దింపడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. పైగా నెత్తురు కనిపిస్తే కోడికంటే ముందు నేను పడిపోతాను. నాకు కావలసింది గదికి ఒక రంగు. పొద్దున్నే వెనక తలుపు తీస్తే దొడ్డంతా రంగులపెట్టె తెరిచినట్టు ఉండాలి, అంతే.

ఈ మాట ఒక్కరూ నమ్మలేదు. సంక్రాంతి దగ్గర పడేకొద్దీ పాలు పోసే అబ్బాయి దగ్గర నుంచి గ్యాసు బండ తెచ్చే అతని దాకా అందరూ గొంతు తగ్గించి ఒకటే ప్రశ్న: "అయివారూ, ఏ బరికి?" చూసుకోవడానికి నాయనా అంటే, "అంతేలెండి, చూసుకోవడానికే" అని కన్ను గీటి వెళ్లేవారు. మచ్చలేని నా ముప్పై మూడేళ్ల సర్వీసు అలా ముగిసింది.

కార్తీకమాసంలో మూడు పెట్టలు కొన్నాను. ఒకటి కాకి, ఒకటి సేతు, ఒకటి బూడిద రంగుది. మా ఆవిడకు చెప్పిన ధర వేరు, అసలు ధర వేరు. జతకు అవే రంగుల పుంజులు దొరకడానికి ఇంకో నెల పట్టింది. ఆ నెల రోజులూ పెట్టలు దొడ్లో ఇష్టం వచ్చినట్టు తిరిగాయి.

ఇక్కడ పక్కింటి పుంజును పరిచయం చేయాలి. దానికి మెడ మీద ఈకలు లేవు. ఎవరో కూరకని పీకడం మొదలుపెట్టి, మెడ దాకా వచ్చి మనసు మార్చుకుని వదిలేసినట్టు ఉంటుంది. రోగమేమీ కాదు, అదొక రకం. పుట్టుకతోనే బోసిమెడ, మన ఎండలకు దానికి అదే హాయి. మిగతా ఒంటి రంగు ఏమిటంటే నేను చెప్పలేను, డ్రాయింగు మాస్టారినై ఉండి కూడా. పెరుగన్నం మీద మిరపపొడి ఒలికితే ఎలా ఉంటుందో అలా అనుకోండి. రోజూ పొద్దున్నే గోడ ఎక్కి మా దొడ్లోకి దిగేది. నేను చెయ్యెత్తి అదిలిస్తే మర్యాదగా గోడెక్కి కూర్చునేది. నేను కాఫీకి లోపలికి వెళ్లగానే మళ్లీ దిగేది. నేను రోజుకు రెండుసార్లు కాఫీ తాగుతాను.

పుంజులు రాగానే ఇనుప వలతో మూడు గదులు కట్టించాను. రంగుకు రంగు జత చేసి గొళ్లెం పెట్టాను. వారం రోజులు ఓపిక పట్టి, ఆ తరువాత పెట్టిన గుడ్లే ఏరడం మొదలుపెట్టాను. వారం! ఎంత జాగ్రత్తపరుణ్ణి అని నన్ను నేనే మెచ్చుకున్నాను. కానీ గదుల మధ్య చెక్క వేయకుండా వల వేయడం వల్ల మా మూడు పుంజులకూ ఒకదానికొకటి కనబడేవి. తెల్లవారింది మొదలు మెడ ఈకలు నిక్కబొడుచుకుని, వలకు ముక్కు ఆనించి, ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ నిలబడేవి. పొద్దుగూకేదాకా అదే పని. వెనక పెట్ట ఉందన్న ధ్యాస ఒక్కదానికీ లేదు. చూసి, "ఎంత పౌరుషం!" అనుకున్నాను.

గుడ్డు గుడ్డు మీదా పెన్సిలుతో అక్షరం రాశాను: కాకి గుడ్డుకు 'కా', సేతు గుడ్డుకు 'సే', బూడిదదానికి 'బూ', పక్కన తేదీ. సన్న కొన కిందికి ఉండేలా బియ్యం డబ్బాలో నిలబెట్టాను. పది రోజులు దాటితే గుడ్డులో సత్తువ తగ్గుతుంది కాబట్టి ఆ లోపల పన్నెండు పోగుచేశాను. కనుమ నాడు అల్లుడు పళ్లెంలో ఉడికించిన గుడ్డు తిప్పి తిప్పి చూస్తూ, "మామయ్యా, దీని మీద 'సే' అని ఉంది" అన్నాడు. మా ఆవిడ డబ్బాలోంచి రెండు తీసింది. కొట్టులో కొన్నవి ఎందుకు వాడలేదంటే, "ఇంటి అల్లుడికి ఫారం గుడ్డు పెడతానా?" అంది. ఆ ఒక్క గుడ్డు ఖరీదు లెక్క వేస్తే ఆ అల్లుడికి మేకను కోసినా సరిపోయేది. మాట్లాడకుండా అతని ముఖం చూస్తూ కూర్చున్నాను. అతను దాన్ని రెండు ముక్కల్లో తినేశాడు.

మిగిలిన పది గుడ్లనూ కాకిపెట్ట కింద పెట్టాను. అసిల్ పెట్ట పొదగడానికి కూర్చుంటే లేవదు. వేలు పెడితే వేలు మనది కాదు. ఏడో రాత్రి అది మేతకు దిగిన క్షణంలో గుడ్లు పళ్లెంలో తెచ్చుకుని, దీపాలార్పి, దుప్పటి ముసుగేసుకుని, ఫోను లైటు మీద ఒక్కొక్క గుడ్డూ పెట్టి చూశాను. ఎర్రటి కాంతిలో సాలీడు కాళ్లలాగా సన్నని నరాలు, మధ్యలో నల్లని చుక్క, ఆ చుక్క కదులుతోంది! ఎన్ని వేల బొమ్మలు దిద్దినా ఇలాంటి గీత గీయలేదు. "ఏమండీ," అని చీకట్లో మా ఆవిడ గొంతు వినిపించింది, "అర్ధరాత్రి ముసుగులో ఎవరితో మాట్లాడుతున్నారు?" గుడ్డుతో అన్నాను. కాసేపు నిశ్శబ్దం. "ఆ వంటింట్లోకే రండి పోనీ. అదే నయం" అంది.

సరిగ్గా ఇరవై ఒకటో రోజున పిల్లలు వచ్చాయి. పదింట్లో ఒకటి మురిగింది, ఒకటి పెంకు పగలగొట్టలేకపోయింది. ఎనిమిది దక్కాయి. తడి ఆరాక గంప కింద నుంచి ఒక్కొక్కదాన్నే తీసి అరచేతిలో పెట్టుకున్నాను. మొదటిది పసుపు. సరే, సేతు అయి ఉంటుంది. రెండోదానికి వీపు మీద ఉడతకున్నట్టు చారలు. మూడోది నలుపు, కాకపోతే పొట్ట తెలుపు. నాలుగోది ఏ రంగో రాయడానికి మన భాషలో కొక్కిరాయి కూడా సరిపోదు. ఇంతలో వేలికి ఏదో నున్నగా తగిలింది. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. మెడ. గులాబి రంగు తోలు మెడ, ముందువైపు చిన్న కుచ్చు. రెండోదానికీ అంతే. నాలుగోదానికీ అంతే. మొత్తం ఎనిమిదింట్లో ఐదు బోసిమెడలు.

తల ఎత్తి చూస్తే గోడ మీద వాళ్ల నాన్న కూర్చుని ఉన్నాడు.

తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయమే పశువైద్యానికి ఉంది. 2005లో పెట్టారు. ఇన్నేళ్లుగా దాని గేటు ముందు నుంచే బస్సులో వెళ్లాను కానీ దిగి ఒక మాట అడుగుదామని తోచలేదు. ఇప్పుడు తెలిసిన పశువైద్యుడొకాయనకు పిల్లను చూపించాను. ఆయన నవ్వు ఆపుకోవడానికి రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"పుంజును మార్చాక ఎన్నాళ్లు ఆగారు?"

"వారం."

"మూడు వారాలు ఆగాలి మాస్టారూ. పెట్ట ఒక్కసారి జత కడితే ఆ బీజం దాని కడుపులో రెండు మూడు వారాల దాకా నిలవ ఉంటుంది. మీ కొత్త పుంజులు వల దగ్గర వీరత్వం చూపిస్తుంటే పాత నిలవతోనే సంసారం జరిగిపోయింది. బోసిమెడ గుణం బలమైనది. తండ్రి ఒక్కడికి ఉంటే చాలు, పిల్లల్లో తేలిపోతుంది."

పోనీ బూడిద జత అయినా శుద్ధంగా ఉంటే అన్నీ బూడిద పిల్లలే వచ్చేవి కదా అన్నాను. దానికీ తల అడ్డంగా ఊపారు. ఆ బూడిదకు బూడిదనే జత కడితే సగమే బూడిద వస్తుందట. పావు వంతు నలుపు, పావు వంతు మచ్చల తెలుపు. అన్నీ బూడిదే కావాలంటే నల్లదానికీ ఆ మచ్చల తెల్లదానికీ ముడి పెట్టాలి. "అంటే నలుపులో తెలుపు కలిపితే బూడిద! నేను పాఠం చెప్పిందే కదండీ!" అని కుర్చీలోంచి లేచాను. "కూర్చోండి. మామూలు తెలుపుతో ఆ లెక్క నడవదు. అది దుప్పటి లాంటిది, కింద ఏ రంగు పడుకుని ఉందో పైకి తెలియదు" అన్నారు. దుప్పటి సంగతి మా ఆవిడ ఆయనకు ముందే చెప్పిందేమో అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

తిరిగి వస్తుంటే శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు గుర్తొచ్చారు. బట్ట మీద పటిక నీళ్లతో గీస్తారు. అప్పుడు పెద్దగా ఏమీ కనబడదు. రంగు నీళ్లలో ఉడికించాక ఆ గీసిన చోటే ఎరుపు పైకి తేలుతుంది. వాళ్లకు తాము ఎక్కడ గీశారో తెలుసు. నా బట్ట మీద ఎవడో వచ్చి గీసిపోయాడు.

పిల్లలు పెరిగేకొద్దీ బూరు రాలి వేరే రంగులు వచ్చాయి. పసుపుది తెల్లనయ్యే దారిలో ఎర్రబడింది, చారలది నెమలిలా మొదలై మధ్యలో మానుకుంది. నా పరువు నిలబెట్టింది మాత్రం మూడోది. తెల్ల పొట్ట పోయి నిగనిగలాడే నలుపు తిరిగింది. అదృష్టం కొద్దీ పుంజు. మా మేనత్తకు గంగమ్మ జాతరకు నల్లపుంజు మొక్కుంది. పెట్టలను కొన్న రోజునే నా చేత మాట తీసుకుంది. "అచ్చమైన నలుపు కావాలి నాయనా. మెడ మీద ఒక్క తెల్ల ఈక ఉన్నా తల్లి ఒప్పుకోదు" అని నెలనెలా ఫోను చేసి గుర్తుచేసేది.

మే నెలలో, జాతర వారంలో, బైరాగి వేషాలు వీధుల్లో తిరుగుతుండగా అత్త ఆటో దిగింది. నేను పుంజును రెండు చేతులా పట్టుకుని తెచ్చి ముందు నిలబెట్టాను. అత్త కళ్లద్దాలు సర్దుకుని తోక చూసింది, రెక్కలు విప్పి చూసింది, బాగుందంది. తరువాత పైకి చూసింది.

"ఒరేయ్, దీని మెడ ఏదిరా?"

"ఒక్క తెల్ల ఈక కూడా ఉండకూడదన్నావు కదత్తా. చూసుకో, ఒక్కటి కూడా లేదు."

అత్త నాతో మాట్లాడటం మానేసి మా ఆవిడతో మాట్లాడింది. అదీ నా గురించే. చివరకు బజారులో వేరే కోడిని కొని, ఆటో ఖర్చుతో సహా నా చేతనే ఇప్పించింది. బోసిమెడవాడు అలా బతికిపోయాడు. ఇప్పటికీ దొడ్లోనే ఉన్నాడు, మూడు కిలోలు తూగుతాడు.

ఆ సాయంత్రమే పక్కింటావిడ గిన్నె నిండా రాగి సున్నుండలు పట్టుకుని వచ్చింది. "అక్కా, ఇన్నాళ్లూ మా పుంజు ఎక్కడికి పోతుందో తెలియలేదు. ఇప్పుడు పిల్లల్ని చూశాక అర్థమైంది. అందరివీ వాడి పోలికలే!" అని మా ఆవిడ చేతిలో గిన్నె పెట్టింది. నా వైపు తిరిగి, "మనం వియ్యాలవారం అయిపోయాం అయివారూ. మగపెళ్లివారం కదా, రెండు పిల్లల్ని ఇప్పించండి" అంది.

నేను రంగుల శుద్ధత గురించి చెప్పబోయాను. మా ఆవిడ అప్పటికే గంప ఎత్తి, "ఏవి కావాలో తీసుకో వదినా" అంటోంది.