ఎగిరిపోయిన 'ఈ'

మా బావ విజయనగరంలో రంగుల షాపు పెట్టాడు. గోడలకేసే రంగులు కాదు, వెలిసిపోయిన చీరలకీ ప్యాంట్లకీ మళ్ళీ రంగెక్కించి ఇచ్చే షాపు, దాంతోపాటు డ్రైక్లీనింగు. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను పండగ కదా, ఆలోపే తెరిచేస్తే ఊరంతా బట్టలు తెచ్చి పడేస్తారని ఆయన లెక్క. బోర్డుకి మాత్రం ఫ్లెక్సీ వద్దన్నాడు. ఎండకి ఫ్లెక్సీ వెలిసిపోద్ది, వెలిసిన బోర్డు కింద కూర్చుని రంగులేస్తామంటే ఎవడు నమ్ముతాడు బామ్మర్దీ, అన్నాడు. అదీ నిజమే. అందుకని రేకు బోర్డు, చేత్తో రాసే ఒక పెద్దాయన.

స్పెల్లింగు చూసే పని నాకప్పగించారు. నేను ఇంటి దగ్గర తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఇంగ్లీషు గ్రామర్ ట్యూషన్ చెబుతాను, పైగా ఊళ్ళో బోర్డుల మీద తప్పులు వెతకడం నాకు చాలా ఏళ్ళుగా ఉన్న జబ్బు. ఓ హోటల్ వాళ్ళు 'డైనింగ్ హాల్'లో రెండు ఎన్‌లు పెట్టారు. డైన్ అనే మాటలో చివరి ఈ తీసేసి ఐ-ఎన్-జి తగిలిస్తే ఎన్ ఒకటే ఉంటుంది, రెండు పెడితే అది 'డిన్నింగ్', అంటే చెవులు చిల్లులు పడేలా మోత పెట్టడం. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ హోటల్లో భోజనానికి కూర్చున్న వాడికి ఆ స్పెల్లింగే కరెక్టేమో అనిపిస్తుంది గానీ, నేను మాత్రం దాని ముందు నుంచి ఎప్పుడెళ్ళినా ఒక నవ్వు నవ్వి వెళ్ళేవాణ్ణి.

నేను షాపుకి వెళ్ళేసరికి పెద్దాయన నిచ్చెన ఎక్కి ఉన్నాడు. పైన డైయింగ్ అండ్ డ్రైక్లీనింగ్ అని ఇంగ్లీషులో ఎర్రటి అక్షరాలు, కింద తెలుగులో '24 గంటల్లో డెలివరీ' అని, దాని కింద 'ఫ్యామిలీలకు ప్రత్యేక రాయితీ' అని. చక్కగా ఉంది. కానీ మొదటి మాట డి-వై-ఈ-ఐ-ఎన్-జి అని ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"ఈ 'ఈ' తీసెయ్యి" అన్నాను.

"ఈ ఏటి బాబూ?"

"అదే, ఆ ఈ."

"ఆ ఈయా, ఈ ఈయా?" అని డ్రైక్లీనింగులో ఉన్న ఈ మీద కూడా కుంచె పెట్టబోయాడు. ఆపి, పాఠం మొదలుపెట్టాను. క్రియ చివర పలకని ఈ ఉంటే, ఐ-ఎన్-జి చేర్చేటప్పుడు ఆ ఈ ఎగిరిపోతుంది, డాన్స్ డాన్సింగ్ అవుతుంది, రైట్ రైటింగ్ అవుతుంది. పెద్దాయన అంతా విని, "మా నాన్న కాలం నుంచీ రంగుల షాపులకి ఈ పెట్టే రాస్తన్నాం బాబూ, ఎవులూ ఏటీ అననేదు" అన్నాడు. తప్పు పాతదైతే ఒప్పవుతుందా అన్నాను. ఆ మాట నేను చాలా గొప్పగా అన్నాను, పక్కన కిళ్ళీ కొట్టువాడు కూడా తలూపాడు.

ఆయన మారు మాట్లాడకుండా ఈ చెరిపేశాడు. అంతటితో ఊరుకోలేదు, మధ్యలో సందు కనబడకూడదని ఐ-ఎన్-జిని కూడా తుడిచేసి, ఎడం వైపు జరిపి మళ్ళీ రాశాడు. పనిమంతుడు.

ఓపెనింగు రోజు పొద్దున్న పది గంటల వరకూ అంతా బాగానే ఉంది. మా ట్యూషన్లో తొమ్మిదో తరగతి చదివే గుంట వాళ్ళమ్మతో వచ్చింది. బోర్డు చూసి, నన్ను చూసి, మళ్ళీ బోర్డు చూసి, ఎంతో మర్యాదగా అడిగింది: "సార్, చచ్చిపోవడం కూడా 24 గంటల్లోనే డెలివరీయా?"

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. డి-ఐ-ఈ డై, అంటే చచ్చిపోవడం. దానికి ఐ-ఎన్-జి చేరిస్తే ఐ-ఈ రెండూ పోయి వై వస్తుంది, లై లైయింగ్ అయినట్టు, టై టైయింగ్ అయినట్టు. అంటే డి-వై-ఐ-ఎన్-జి. అంటే మా బావ బోర్డు. 'చావడం మరియు డ్రైక్లీనింగ్, 24 గంటల్లో డెలివరీ, ఫ్యామిలీలకు ప్రత్యేక రాయితీ.'

మధ్యాహ్నానికి ఆ ఫొటో ఊళ్ళో ఉన్న వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి, చివరికి శ్రీకాకుళంలో మా పిన్ని ఫోన్లోకి వెళ్ళింది. ఆవిడ జోకు అర్థం కాక, బావకి ఏదో అయిందనుకుని ఏడుస్తూ అక్కకి ఫోన్ చేసింది. టెన్షన్‌తో నాకు భోజనం సహించలేదు, మిగతావాళ్ళు మాత్రం బాగానే తిన్నారు.

ఆ రాత్రి డిక్షనరీ ముందేసుకు కూర్చున్నాను. ఈ ఎగిరిపోవడమనే సూత్రం నిజమే, కానీ రంగువేసే డై దానికి లొంగదు. చావుతో కలిసిపోకుండా ఉండాలని ఈని పట్టుకుని వదలదు. చురకలా కాల్చడాన్ని సింజ్ అంటారు, అదీ ఇంతే, సింజింగ్ రాసేటప్పుడు ఈ తీసేస్తే అది సింగింగ్ అయిపోతుంది, అంటే పాడటం. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉన్న ఊళ్ళో, ఘంటసాల పాట నేర్చుకున్న ఊళ్ళో ఉంటూ, పాడటానికీ కాల్చడానికీ మధ్య ఉన్నది ఒక్క ఈయేనని నాకు నలభై ఏళ్ళకి తెలిసింది. చిన్నప్పుడు తెలుగు మాస్టారు అత్వసంధి 'బహుళం' అంటే, అంటే ఏంటండీ అని అడిగాం. "ఒకచోట అవుద్ది, ఒకచోట అవదు, ఒకచోట నీ ఇష్టం, ఇంకోచోట ఇంకోలా అవుద్ది" అన్నారు. ఇంగ్లీషు స్పెల్లింగంతా అదే, కాకపోతే వాళ్ళు బహుళం అని ముందే ఒప్పుకోరు. పిక్నిక్‌కి ఐ-ఎన్-జి చేర్చాలంటే మధ్యలో ఎక్కడినుంచో ఒక కే తెచ్చి పెట్టాలి! ట్రావెలింగ్‌లో ఇంగ్లండు వాడికి రెండు ఎల్‌లు, అమెరికా వాడికి ఒకటి. ఆ రెండో ఎల్ దండగని 1828 నాటి నిఘంటువులో నోవా వెబ్‌స్టర్ పక్కన పెట్టేశాడు. జనం పలికే భాషలోనే రాయాలని గిడుగు, గురజాడ పోట్లాడిన ప్రాంతం మనది, వాళ్ళకీ అలాంటి ఇద్దరు దొరికి ఉంటే మా బావ పరువు నిలిచేది.

మర్నాడు పెద్దాయన్ని పిలిపించాం. ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"తీసినందుకు డబ్బులు అడగనేదు కదా బాబూ. పెట్టడానికి మాత్రం ఇవ్వాల."

"ఎంత?"

"రెండొందలు."

ఒక్క అక్షరానికి రెండొందలా అన్నాను. "అక్షరానికి కాదు బాబూ, జాగా నేదు కదా, దానికి" అన్నాడు. నిజమే, అంత శ్రద్ధగా సందు పూడ్చింది నా మాట మీదే. మొత్తం తుడిచి రాయడానికి బావ ఒప్పుకోలేదు, ఖర్చు నీదైతే రాయించుకో బామ్మర్దీ అన్నాడు. చివరికి వై కీ ఐ కీ మధ్య పైన చిన్న ఈ ఒకటి ఇరికించి, కింద బాణం గుర్తు పెట్టాడు, మనం పరీక్ష పేపర్లో మర్చిపోయిన అక్షరం రాసినట్టు. కింద నుంచి చూస్తే బోర్డు మీద ఈగ వాలినట్టుంటుంది. ఒక శుక్రవారం మా అక్క చీపురుతో రెండుసార్లు తోలింది కూడా.

షాపు బాగానే నడుస్తోంది. చావు షాపు అంటే ఆటోవాళ్ళు తిన్నగా తెచ్చి దింపుతున్నారు.

మొన్న ఇస్త్రీ కూడా మొదలుపెడుతూ ఇంకో చిన్న బోర్డు రాయించాడు బావ. నేను అటుగా వెళ్తుంటే పెద్దాయన నిచ్చెన మీంచి కేకేశాడు. "బాబూ, ఐరనింగులో ఎన్ను ఒకటా, రెండా?"

నాకు తెలుసు. బిగిన్ అనే మాటలో ఊనిక రెండో ముక్క మీద పడుతుంది కాబట్టి బిగినింగులో రెండు ఎన్‌లు, ఐరన్‌లో ఊనిక మొదటే పడుతుంది కాబట్టి ఒకటే. ఖచ్చితంగా తెలుసు. అయినా కిళ్ళీ కొట్టువాడు ఇటే చూస్తున్నాడు.

"నీకెలా తోస్తే అలా రాసెయ్" అన్నాను.

"ఒకటే రాసీసినాను బాబూ" అన్నాడు. "పెయింటు కలిసొస్తాది."