ఎరువు మానేసి సీసా పోయమంటున్న మెసేజ్‌కు జవాబు

హైదరాబాద్ మిద్దెతోటల వాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మా అత్తాపూర్‌లోనే ముగ్గురు నాకు పంపారు. అందులో ఉన్నది ఇదీ: మొక్కకు కావలసినదంతా వేళ్ల చుట్టూ ఉండే సూక్ష్మజీవులే తయారుచేస్తాయి, అవన్నీ మొక్కకు మిత్రులే, యూరియా పడితే చచ్చిపోతాయి. కాబట్టి ఎరువులన్నీ మానేసి ఏ మొక్కకైనా ఒక జీవన ఎరువు (మేలుచేసే సూక్ష్మజీవులున్న ద్రవం) సీసా, కాస్త బెల్లం నీళ్లు పోస్తే చాలు. నేలలోని ఈ జీవులంటే నాకు ప్రాణం. వాటి పేరు చెప్పి జనాన్ని తప్పుదోవ పట్టిస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

"కావలసినదంతా అవే తయారుచేస్తాయి."

నత్రజని వరకు ఇందులో కొంత నిజముంది. గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. చిక్కుడు జాతి మొక్కల వేళ్లలో చేరి రైజోబియం అనే బ్యాక్టీరియా దాన్ని మొక్కకు పనికొచ్చేలా మార్చిపెడుతుంది. మొన్న కుండీలోంచి ఒక బొబ్బర్ల మొక్క పీకి, వేళ్లు కడిగి చూశాను. మెంతిగింజంత బుడిపెలు. ఒకదాన్ని గోరుతో చిదిమితే లోపల గులాబీ రంగు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన పదార్థమే అక్కడా ఉంటుంది, ఆ రంగు దానిదే. లోపల తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఆ బుడిపె పనిచేయడం లేదన్నమాట.

భాస్వరం, పొటాష్, జింకు అలా గాలిలోంచి రావు. భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా ఆమ్లాలు వదిలి, మట్టిలో బిగుసుకుపోయినదాన్ని విడదీస్తుంది. మైకోరైజా శిలీంధ్రం తన సన్నటి పోగులతో వేరుకు అందని చోటినుంచి మోసుకొస్తుంది. రెండూ ఉన్నదాన్ని అందిస్తాయి, లేనిదాన్ని పుట్టించలేవు. మిద్దె మీద 20 లీటర్ల పెయింటు డబ్బాలో మనం వేసిందే ఉంటుంది. టమాటాలు కోసిన ప్రతిసారీ అందులోని పొటాష్ కొంత వంటింట్లోకి వచ్చేస్తుంది. ఆ లోటును కంపోస్టుతో పూడుస్తారో, ఎరువుతో పూడుస్తారో మీ ఇష్టం, పూడ్చడం మాత్రం తప్పదు. పొలమైనా అంతే. ఒక టన్ను వడ్లు పండటానికి పైరు సుమారు 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది.

"యూరియా పడితే చచ్చిపోతాయి."

అసలు యూరియాను విడగొట్టేదే సూక్ష్మజీవులు. వాటి నుంచి వచ్చే యూరియేజ్ అనే ఎంజైము దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది, వేరే బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది. అవే లేకపోతే యూరియా చల్లిన పైరు అంత తొందరగా పచ్చబడదు. ఏళ్ల తరబడి సాగిన 64 ప్రయోగాల ఫలితాలను కలిపి 2014లో ఒక విశ్లేషణ వచ్చింది. రసాయన ఎరువు వేసిన నేలల్లో సూక్ష్మజీవుల రాశి, ఏమీ వేయని నేలల్లో కన్నా సగటున 15 శాతం ఎక్కువ ఉంది. పైరు ఏపుగా పెరిగితే నేలలో మిగిలే వేళ్లూ మోళ్లూ ఎక్కువ, సూక్ష్మజీవులకు తిండీ ఎక్కువ. పీహెచ్ 5 కన్నా తక్కువున్న పుల్లటి నేలల్లో మాత్రం తగ్గే ధోరణి కనిపించింది. అతిగా వేస్తే నష్టమే: చిక్కుడు జాతికి నత్రజని ఎక్కువైతే బుడిపెలు సరిగా కట్టవు, మొక్క మొదలు దగ్గర గుప్పెడు పోస్తే వేళ్లు మాడతాయి. మోతాదు గురించి చెప్పండి, ఒప్పుకుంటాను.

"అన్నీ మిత్రులే."

నీళ్లున్నా టమాటా మొక్క పచ్చిగానే వాడిపోతోందా? కాండం అడుగున కోసి, గాజుగ్లాసులో నిలకడ నీళ్లలో ఆ కోసిన కొసను ముంచండి. కాసేపటికి పాలలాంటి సన్నటి ధార కిందికి దిగితే అది రాల్‌స్టోనియా. అదీ నేలలోంచి వేరులోకి దూరిన బ్యాక్టీరియానే. కందికి ఎండు తెగులు తెచ్చే ఫ్యుసేరియం శిలీంధ్రం కూడా నేలలోదే.

"ఏ మొక్కకైనా ఒకే సీసా" అన్నది కూడా నిలవదు. శనగకు పనికొచ్చే రైజోబియం వేరు, వేరుశనగకు వేరు. క్యాబేజీ, ముల్లంగి, ఆవాల కుటుంబం మైకోరైజాతో పొత్తే పెట్టుకోదు.

ఇక బెల్లం నీళ్లు. తీపి అందగానే సూక్ష్మజీవులు గబగబా పెరుగుతాయి. ఒళ్లు కట్టుకోవడానికి వాటికి నత్రజని కావాలి, అది మట్టిలోంచే లాక్కుంటాయి. పచ్చి రంపపు పొట్టు కలిపినా ఇదే తంతు. పోయిన ఏడాది నేను అలా కలిపిన కుండీలో మెంతికూర మూడో ఆకుకే పసుపెక్కింది. పక్క కుండీలో, మాగిన వర్మీకంపోస్టు వేసిన చోట, కోతకొచ్చింది.

మా పక్కింటి పిన్నిగారు కొన్న సీసా ఎండాకాలమంతా మిద్దె మీద ట్యాంకు పక్కనే ఉంది. జీవన ఎరువంటే బతికున్న సరుకు. రైజోబియం ద్రవమైతే మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల బతికున్న కణాలు ఉండాలని నిబంధన. ఎండలో కాగిన సీసాలో ఆ లెక్క నిలవదు. గడువు తేదీ చూసి కొత్తది తెచ్చుకుని ఇంట్లో చల్లటి చోట పెట్టమన్నాను. చిక్కుడు గింజలకు పట్టించి, నీడన ఆరబెట్టి, ఆ రోజే విత్తమన్నాను. కంపోస్టు మాత్రం ఎప్పటిలాగే వేయమన్నాను.