మారతహళ్లిలో హెర్నియా మహమ్మారి

ఆరోగ్య శాఖ వాళ్ళు వెంటనే కలగజేసుకోవాల్సిన విషయం ఒకటుంది. బెంగళూరులో, ముఖ్యంగా మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ళలో హెర్నియా విపరీతంగా పెరిగిపోతోంది. అదీ మామూలు హెర్నియా కాదు, ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకి పాత ప్యాంట్లు జారిపోతుంటాయి, లింక్డ్‌ఇన్‌లో ఫోటో మారిపోతుంది, కుట్లు ఎలా ఉన్నాయని అడిగితే మాత్రం టాపిక్ మార్చేస్తారు. మా ఊళ్ళో నిజంగా హెర్నియా అయినవాళ్ళు, అడక్కపోయినా చొక్కా ఎత్తి మరీ చూపించేవాళ్ళు పాపం.

సరే, తెలిసినవాళ్ళకి తెలుసు, ఈ హెర్నియాని ఆస్పత్రిలో టమ్మీ టక్ అంటారు. కొత్తదేం కాదు, వేలాడే పొట్టని కోసి తీసేయడం గురించి అమెరికాలో హోవార్డ్ కెల్లీ అనే డాక్టర్ 1899లోనే రాశాడు. ఇన్నేళ్ళైనా కోత లేకుండా చర్మం తీసే ఉపాయం ప్రపంచంలో ఎవరికీ దొరకలేదు, ఒక్క మన రింగ్ రోడ్డు హోర్డింగులకి తప్ప. వాటిమీద "స్కార్‌లెస్", అంటే మచ్చే ఉండదని, ఎంత పెద్ద అక్షరాలతో ఉంటుందంటే సిగ్నల్ దగ్గర ఆగిన ఆ అరగంటలో మనిషికి నమ్మకం కుదిరిపోతుంది.

అసలు జరిగేది ఏంటంటే, కింద ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా అడ్డంగా కోస్తారు, పైన చర్మాన్ని పక్కటెముకల దాకా లేపుతారు, విడిపోయిన కండరాల్ని మధ్యలో దగ్గరకి లాగి కుట్టి, చర్మాన్ని కిందకి లాగి ఎక్కువైనది కోసేసి మూసేస్తారు. బొడ్డు మాత్రం దాని చోట అదే ఉంటుంది, చర్మం కిందకి దిగింది కాబట్టి దానికి కొత్త కన్నం పెట్టి చుట్టూ కుట్లు వేస్తారు. అంటే పొడుగు మచ్చ ఒకటి, గుండ్రటిది ఇంకోటి. ఇంత చేసినా పేగుల చుట్టూ లోపల పేరుకున్న కొవ్వు జోలికి ఎవరూ పోరు, బీరూ బిర్యానీ కలిసి కట్టిన ఆ గట్టి పొట్ట చాలావరకు దాంట్లోదే, అది కత్తికి దొరకదు. పేషెంటు ఈ మాట వినే టైముకి అడ్వాన్స్ కట్టేసి ఉంటాడు.

సర్జన్లని అనడానికేం లేదు, మంచివాళ్ళు అన్నీ చెప్తారు. మచ్చ మొదటి నెలల్లో ఎర్రగా, ఉబ్బెత్తుగా, ముందుకంటే అసహ్యంగా కనబడుతుంది, చల్లారడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, పూర్తిగా మానాక కూడా ఆ గీత దగ్గర చర్మం బలం పాతదాంట్లో 80 శాతం దాటదు అని. మన రంగు వాళ్ళకి మచ్చ నల్లబడటం ఎక్కువ, కెలాయిడ్ భయం కూడా ఎక్కువే, కెలాయిడ్ అంటే కోసిన గీత దాటి పక్క చర్మంలోకి పెరుగుతూ పోయే మచ్చ, మా పక్క సైటు ఆయన కాంపౌండ్ వాల్ ఇలాగే పెరిగింది. సిగరెట్ కనీసం నాలుగు వారాల ముందే మానమంటారు, నికోటిన్‌తో రక్తం సరిగ్గా అందక కుట్ల అంచున చర్మం చచ్చిపోవచ్చు, మచ్చ వెడల్పవుతుంది. మనవాడు అన్నిటికీ తలూపుతాడు. చెవిలో పడింది మాత్రం "ఫేడ్ అవుతుంది" అన్న ఒక్క ముక్కే.

ఆపరేషన్ తర్వాత కుట్ల మీద లాగుడు పడకుండా వారం పది రోజులు నడుం వంచి నడవాలి. దీనివల్ల ఒక మేలు జరిగింది. మా అపార్ట్‌మెంట్లో ఎప్పుడూ ఎవరికీ నమస్కారం పెట్టని ఒక టీమ్ లీడ్ గారు వరసగా పది రోజులు లిఫ్టులో పెద్దాళ్ళందరి ముందూ వంగి నిలబడేసరికి ఎంత మారిపోయాడండీ అబ్బాయి అని ముచ్చటపడిపోయారు. తర్వాత నిటారుగా అయ్యాడు, పరువు పోయింది.

ఇక డబ్బుల సంగతి. అందం కోసం చేయించుకుంటే ఇన్సూరెన్స్ రాదు, బంధువులందరూ నమ్మిన హెర్నియాని టీపీఏ వాళ్ళు, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసేవాళ్ళు, మాత్రం నమ్మరు. జబ్బుకి చేసే వైద్యం మీద జీఎస్టీ లేదు గానీ దీనిమీద ఉంది. అంటే మీ పొట్ట విషయంలో నిజం తెలిసినవి దేశంలో రెండే, మీ భార్య, కేంద్ర ప్రభుత్వం. ఆమె ఎలాగూ రోజుకి పన్నెండు గంటలు మచ్చ అణగడానికి దానిమీద సిలికాన్ షీటు అతికించే పనిలో ఉంటుంది, మధ్యలో వాళ్ళమ్మ ఫోన్ చేసి హెర్నియాకి కొబ్బరినూనె రాయమంటుంది.

ఇప్పుడు నా డిమాండ్. మచ్చని బికినీ లైన్ కింద దాచేస్తామని క్లినిక్కుల వాళ్ళు గొప్పగా చెప్తారు, గీత గీసేముందు పేషెంటు రోజూ వేసుకునే లోదుస్తులో స్విమ్‌సూటో తెచ్చుకోమని కూడా అంటారు. బావుంది. కానీ తెనాలి నుంచి వచ్చినవాడు జీవితంలో బికినీ గొడవ ఎక్కడ పడతాడు? వాడికి అసలు గండం గృహప్రవేశం. పీటల మీద కూర్చోవాలి, చొక్కా విప్పాలి, ఉత్తరీయం ఎప్పుడూ జారుతూనే ఉంటుంది, చుట్టూ వీడియోవాడు, నలుగురు బాబాయిలు. పంచె ఎత్తి కడితే పొడుగు మచ్చ దాగుతుంది, కానీ ఉక్కిరిబిక్కిరి. దించి కడితే కొత్త బొడ్డు కుట్లతో సహా సాక్ష్యం చెప్తుంది. కాబట్టి తెలుగు పేషెంట్లకి మార్కింగ్ పంచెలోనే చెయ్యాలి, ఆడవాళ్ళకైతే కుచ్చిళ్ళు దోపే చోటు చూసి, అవసరమైతే ఇంటి పురోహితుణ్ణి కూడా కన్సల్టేషన్‌కి పిలవాలి.

మొన్న వర్తూరు వైపు ఒక గృహప్రవేశంలో ఈ ఏర్పాటేదీ లేక ఉత్తరీయం జారనే జారింది. పెద్దత్తయ్య కళ్ళజోడు సవరించుకుని బొడ్డు దాకా వంగి చూసింది. హోమం పొగలో ఎవరికీ మాట రాలేదు. ఆవిడే అంది, "హెర్నియా బాగా తీశారురా, మీ మామయ్యకి కూడా ఉంది, ఆ డాక్టరు నంబరు వాట్సాప్ చెయ్యి."