ఆపరేషన్‌కు పద్దుంది, చెప్పడానికి లేదు

ముప్పై ఏళ్లపాటు ‘ఇద్దరు చాలు’ అన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ఇప్పుడు ‘ఇంకొకరిని కనండి’ అంటోంది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడటానికి వీల్లేదని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంలో పెట్టిన నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు తిరుపతి జిల్లా నారావారిపల్లెలో పుట్టినవారు, 1989 నుంచి చిత్తూరు జిల్లా కుప్పం ఎమ్మెల్యే. కనుక ఈ పిలుపు మీద అందరికంటే ముందు మాట్లాడాల్సింది తిరుపతి, చిత్తూరు జిల్లాల వాళ్లే.

పిలుపు వెనకున్న ఆందోళన ఉత్తదేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 ఉండాలంటారు. ముసలివాళ్లు ఎక్కువై, పనిచేసే చేతులు తక్కువైతే ఏమవుతుందో ఆలోచించడం ప్రభుత్వం బాధ్యతే. మా అభ్యంతరం వేరే చోట ఉంది. వద్దన్నప్పుడూ లెక్కే మాట్లాడింది, కనమన్నప్పుడూ లెక్కే మాట్లాడుతోంది. ఎప్పుడు కనాలి, ఎంత ఎడం ఉండాలి, అసలు తన ఒంట్లో ఏం జరుగుతోంది అన్న సంగతులు ఆడమనిషికి కూర్చోబెట్టి చెప్పే పనికి మాత్రం ఏనాడూ సరిగ్గా డబ్బు కేటాయించలేదు.

అదే సర్వేలో ఇంకో లెక్క చూడండి. 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న వివాహితల్లో నూటికి దాదాపు 70 మంది కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్ల ఆపరేషన్ 0.4 శాతం. మాత్రలు, కాపర్ టీ, ఇంజెక్షన్, నిరోధ్ అన్నీ కలిపినా ఒక్క శాతానికి చేరలేదు. దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లో మొదలైంది. ఇన్ని దశాబ్దాల తర్వాత మన దగ్గర దానర్థం ఆడదాని కడుపు మీద కోత, అంతే. చాలామందికి ఆ కోత పాతికేళ్లు నిండకముందే పడుతుంది. మొదటి కాన్పు, వెంటనే రెండో కాన్పు, ఆ మంచం మీదే ఆపరేషన్. అలా ముగించేసిన వాళ్లను ఇవాళ ఇంకొకరిని కనమంటే ఎక్కడి నుంచి కంటారు?

వేరే దారులు లేక కాదు. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, వారానికి వేసుకునే ఛాయ మాత్రలు 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నాయి. రెండూ ఉచితమే. అంతర వేయించుకున్న కొందరికి మొదటి నెలల్లో నెలసరి క్రమం తప్పుతుంది, మధ్యమధ్యలో రక్తం కనపడుతుంది, తర్వాత కొందరికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. మందు మానేస్తే మళ్లీ మామూలుగా వస్తుంది. ఈ నాలుగు ముక్కలూ ముందే చెబితే ఆమె కంగారు పడదు. చెప్పకపోతే ‘లోపల చెడు రక్తం గడ్డకడుతోందంట’ అని పక్కింటావిడ చెప్పింది నమ్ముతుంది, రెండో డోసుకు రాదు. ఆ వీధిలో ఇంకెవరూ ఆ ఇంజెక్షన్ జోలికి పోరు. మందు కొనడానికి నిధులున్నాయి, దాన్ని పీహెచ్‌సీ దాకా చేర్చడానికి వాహనం ఉంది. ఆమె ఎదురుగా పది నిమిషాలు కూర్చుని మాట్లాడే మనిషికి మాత్రం టైమూ లేదు, జీతమూ లేదు.

ఆశా కార్యకర్త ఉంది కదా అనొచ్చు. ఉంది. గర్భిణుల నమోదు, టీకాలు, టీబీ మందులు, సర్వేలు, యాప్‌లలో వివరాలు ఎక్కించడం, అన్నీ ఆమె మీదే. నెట్‌వర్క్ లేని ఊళ్లో మిద్దె మీదికెక్కి ఫోను పైకెత్తి నిలబడేది కూడా ఆమే. ఇవన్నీ అయ్యాక ఇంటింటికీ వెళ్లి తెల్లబట్ట గురించీ నెలసరి నొప్పి గురించీ తీరిగ్గా మాట్లాడమంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది?

తీరిగ్గా మాట్లాడకపోతే నష్టం ఎంతో మరో అంకె చెబుతుంది. రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 8.7 శాతం మంది గర్భసంచి తీయించుకున్నారు. దేశ సగటు 3.3 శాతం. ఇవి ఎక్కువగా ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. తెల్లబట్ట అవుతోందనో, రక్తస్రావం ఎక్కువగా ఉందనో వెళ్లిన మనిషిని ‘క్యాన్సర్ కావచ్చు’ అన్న ఒక్క మాటతో బెదరగొడితే, బంగారం కుదవపెట్టయినా ఆపరేషన్ చేయించుకుంటుంది. ‘పిల్లలు పుట్టేశారు, ఇక దాంతో పనేముంది’ అని ఇంట్లోవాళ్లూ అంటారు. ముప్పై అయిదేళ్లకే ఎముకలు బలహీనపడతాయని, ఒంట్లో ఆవిర్లు మొదలవుతాయని ఎవరూ చెప్పరు. అనవసరంగా గర్భసంచులు తీసేయడాన్ని అడ్డుకునే మార్గదర్శకాలు అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఆదేశం ఊళ్లోకి రావాలంటే మోసుకొచ్చే మనిషి కావాలి.

ఇక ఆడపిల్లల సంగతి. 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని సర్వే చెబుతోంది. 15-19 ఏళ్ల వాళ్లలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భిణులు. మహిళల్లో నూటికి 59 మందికి రక్తహీనత. ఈ మూడూ ఒకే అమ్మాయిలో కలిసినప్పుడు కాన్పు గదిలో ఎంత టెన్షనో ప్రభుత్వ మెటర్నిటీ ఆసుపత్రిలో పనిచేసే ఏ నర్సునడిగినా చెబుతుంది.

ఇలాంటి పిల్లల కోసమే కేంద్రం 2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ఆసుపత్రుల్లో కౌమార క్లినిక్, ఊళ్లో తోటి పిల్లలకు చెప్పే పీర్ ఎడ్యుకేటర్లు, బడిలో వారానికో ఐరన్ మాత్ర. రాతలో బాగుంది. ఇప్పుడు ఒక మామూలు పీహెచ్‌సీకి పదహారేళ్ల అమ్మాయి వెళ్లిందనుకోండి. ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర ‘ఏం సమస్య?’ అని గట్టిగా అడుగుతారు. వెనక వరసలో వాళ్ల మేనత్త ఉంటుంది, వీధి చివర అంగడాయన ఉంటాడు. అమ్మాయి ‘కడుపునొప్పి’ అంటుంది. ఒక మాత్ర ఇస్తారు. పడేసిన అట్టపెట్టెలు తీసేసి ఒక గదికి తలుపూ కర్టెనూ పెట్టించడం, వారానికి రెండు సాయంత్రాలు అందులో ఒక మహిళా కౌన్సెలర్‌ను కూర్చోబెట్టడం కోట్లతో పని కాదు.

బళ్లలో ఏడు నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకు నెలకు పది న్యాప్‌కిన్లు ఇచ్చే స్వేచ్ఛ పథకం 2021 అక్టోబరులో వచ్చింది. మంచి పని. కానీ ప్యాకెట్ చేతిలో పెట్టి పంపేస్తే, దాన్ని నాలుగు గంటలకోసారి మార్చాలనీ, తడిగుడ్డ వాడితే దురద వస్తుందనీ, నెలనెలా మరీ ఎక్కువ రక్తం పోతుంటే డాక్టరుకు చూపించాలనీ ఆ పిల్లకు తెలిసేదెలా? పదో తరగతి సైన్సులో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. ‘ఇంట్లో చదువుకోండి’ అని దాటేసే క్లాసురూములు ఇప్పటికీ ఎన్ని లేవు! ఆ క్లాసులో మగపిల్లలు కూడా ఉంటారు. వాళ్లకు ఫోనే టీచరు, అది ఏం నేర్పుతుందో అందరికీ తెలుసు.

ఇలాంటివి చెబితే పిల్లలు చెడిపోతారని కొందరు పెద్దమనుషులు అంటారు. పైన చెప్పిన పన్నెండు శాతంలో దాదాపు అందరూ పెళ్లి చేసి పంపిన పిల్లలే. వాళ్లెవరికీ ఎవరూ ఏ పాఠమూ చెప్పలేదు. పెళ్లి పత్రిక కొట్టించినప్పుడు అడ్డురాని సంప్రదాయం పాఠం దగ్గర ఎందుకు గుర్తొస్తుందో వాళ్లే చెప్పాలి.

చట్టం కూడా చాలామందికి అందనంత దూరంలోనే ఉండిపోయింది. మన దేశంలో గర్భస్రావం 1971 నుంచి చట్టబద్ధమే. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, కొన్ని వర్గాల వాళ్లకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా వీలుంది. పెళ్లికాని మహిళకూ ఇదే హక్కు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో తేల్చింది. ఆమె పేరు అనధికారికంగా బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలు. ఇంత రక్షణ ఉన్నా, తెలియక మందుల షాపులో చీటీ లేకుండా మాత్రలు కొని, రక్తం ఆగక అర్ధరాత్రి 108కు ఫోన్ చేస్తున్నవాళ్లున్నారు.

దూరాల లెక్క వేరే. తడ మండలంలో పులికాట్ సరస్సు మధ్య ఉన్న ఇరకం దీవికి పడవే గతి. శ్రీకాళహస్తి, సూళ్లూరుపేట చుట్టుపక్కల యానాది కాలనీల్లో చాలా కుటుంబాలు పనికోసం చెరువులెంట, ఇటుక బట్టీలెంట తిరుగుతుంటాయి. వాళ్ల పేరు ఏ సచివాలయం రిజిస్టరులో ఉంటుంది? శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో వేలమంది అమ్మాయిలు ఊరొదిలొచ్చి హాస్టళ్లలో ఉంటూ షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. కుప్పం నుంచి తెల్లారకముందే బెంగళూరు రైలెక్కే ఆడవాళ్లు చీకటిపడ్డాకే ఇల్లు చేరతారు. వీళ్లందరికీ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా తెరిచే పీహెచ్‌సీ, తెరిచినా మూసినా ఒకటే. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి పింక్ బస్సు ఊళ్లకు వెళ్లి రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేస్తోంది. ఆసుపత్రే మనుషుల దగ్గరికి వెళ్లగలదని తిరుపతి ఒకసారి చేసి చూపించింది. అలాంటి బండే నెలలో రెండు ఆదివారాలు శ్రీసిటీ హాస్టళ్ల దగ్గర, రెండు సాయంత్రాలు కుప్పం స్టేషన్ బయట ఆగడానికి కొత్త జీవో కూడా అక్కర్లేదు.

డబ్బెక్కడిది అన్న ప్రశ్నకు జవాబు ఉంది, వెతికే ఓపికే కావాలి. జాతీయ ఆరోగ్య మిషన్ సొమ్ములో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. ఏ పనికి ఎంత కావాలో జిల్లా నుంచే ప్రణాళిక వెళ్లాలి. కౌన్సెలింగ్‌కు, పీర్ ఎడ్యుకేటర్లకు జిల్లా అడగకపోతే దిల్లీ తనంతట తానుగా పంపదు. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి స్థానిక అవసరాన్ని బట్టి వాడుకునే (అన్‌టైడ్) నిధి ఏడాదికి 10,000 రూపాయలు ఉంది. నెలకు ఎనిమిది వందల చిల్లర. బ్లీచింగ్ పౌడరుకే అయిపోతుందని సర్పంచులు వాపోతారు, అందులో అబద్ధం లేదు. ఆ మొత్తాన్ని పెంచాలి. ఈ పనికి కొంత భాగం విడిగా పెట్టాలి. ఊరూరా ఉన్న పొదుపు సంఘాల్లో మాట నేర్పుగల ఆడవాళ్లకు లోటు లేదు. వాళ్లకు నాలుగు రోజుల శిక్షణ, నెలకింత గౌరవ వేతనం ఇస్తే ఆశాకు సగం భారం తగ్గుతుంది.

2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. శ్రీసిటీ కంపెనీలు ఆ సొమ్ములో కొంత, తమ చుట్టుపక్కల ఊళ్ల అమ్మాయిల ఆరోగ్యానికి పెట్టాలని కలెక్టర్లు ఎందుకు అడగరు? బస్ షెల్టరు మీద కంపెనీ పేరు పెద్దక్షరాల్లో రాసుకోవచ్చు, కౌన్సెలింగ్‌కు అలాంటి బోర్డు కుదరదు. బహుశా అదే ఇబ్బంది. టీటీడీ సంగతి కూడా చెప్పుకోవాలి. స్విమ్స్‌ను స్థాపించింది, ఆడపిల్లలకు కాలేజీలు నడుపుతోంది. ఆ కాలేజీల్లో, వాటి హాస్టళ్లలో ఈ పని మొదలుపెడితే కాదనేవాళ్లు కొండకింద ఎవరుంటారు?

లెక్క చెప్పే పద్ధతి కూడా మారాలి. ఇన్నాళ్లూ ‘ఎన్ని ఆపరేషన్లు చేశారు?’ అనే అడిగారు. టార్గెట్ల కోసం శిబిరాలు పెట్టి ఎన్ని ప్రాణాలు తీశామో 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ చూపించింది. అక్కడ పదమూడు మంది ఆడవాళ్లు చనిపోయారు. శిబిరాలు మూడేళ్లలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు ‘ఎన్ని కాన్పులు పెంచారు?’ అన్న టార్గెట్ మొదలైతే అదే తప్పు రెండో వైపు నుంచి చేసినట్టవుతుంది. ఎంతమంది ఆడవాళ్లకు అన్ని పద్ధతులూ వివరంగా చెప్పారు, అంతర మొదలుపెట్టిన వాళ్లలో ఎంతమంది రెండో డోసుకు వచ్చారు, ఎన్ని పీహెచ్‌సీల్లో తలుపున్న గది ఉంది, ఎంతమంది మగవాళ్లకు కోత లేని వేసెక్టమీ (మగవాళ్ల కు.ని. ఆపరేషన్) గురించి చెప్పారు. సమీక్షల్లో కలెక్టర్లు అడగాల్సినవి ఇవి.

రెండు జిల్లాల ఆరోగ్య సొసైటీలకూ కలెక్టర్లే అధ్యక్షులు. వచ్చే ప్రణాళికలో కౌన్సెలింగ్‌కు, కౌమార క్లినిక్‌లకు, సంచార వాహనానికి విడి పద్దులు పెట్టి ఎంత అడిగారో, పైనుంచి ఎంత వచ్చిందో, మార్చి ఆఖరుకు ఎంత ఖర్చయిందో మండలాలవారీగా ప్రకటించాలి. ఆ కాగితం ప్రతి సచివాలయం నోటీసు బోర్డు మీదా తెలుగులో అతికించాలి.