బిట్టు తప్పితే బాధ్యులెవరు?

కొత్త చిప్ విడుదలైన ప్రతిసారీ అది ఎన్ని నానోమీటర్లది, అందులో ట్రాన్సిస్టర్లనే సూక్ష్మ స్విచ్‌లు ఎన్ని వందల కోట్లున్నాయి, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అంటూ తయారీదారులు ఊదరగొడతారు. వోల్టేజి ఎంతవరకు తగ్గినా ఆ చిప్ తనలోని సమాచారాన్ని చెక్కుచెదరకుండా నిలుపుకోగలదో మాత్రం చెప్పరు. విద్యుత్తు పొదుపు పేరిట సరఫరా వోల్టేజిని అంతకంతకూ దించుతున్న ఈ రోజుల్లో తప్పనిసరిగా అడగవలసిన ప్రశ్న అదే.

పొదుపు అవసరాన్ని ఎవరూ కాదనరు. డిజిటల్ సర్క్యూట్ ఒక స్థితి నుంచి మరో స్థితికి మారినప్పుడు ఖర్చయ్యే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. ఒక వోల్టును అర వోల్టుకు దించితే ఆ ఖర్చు నాలుగో వంతుకు పడిపోతుంది. ట్రాన్సిస్టర్ కొలతలతో పాటు వోల్టేజినీ అదే నిష్పత్తిలో తగ్గించుకుంటూ పోవచ్చని 1974లో ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ డెన్నార్డ్ బృందం చూపింది. అయిదు వోల్టుల చిప్‌లు ఒక వోల్టు దరిదాపులకు దిగివచ్చింది ఆ బాటలోనే. 2000 దశకం మధ్యకు వచ్చేసరికి ఆ పరుగు మందగించింది. ట్రాన్సిస్టర్ ఆన్ అయ్యే వోల్టేజిని ఇంకా తగ్గిస్తే, ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా కరెంటు కారిపోవడం విపరీతంగా పెరుగుతుంది. అసలు చిక్కు మాత్రం మెమరీలో ఉంది. వోల్టేజి తగ్గితే లెక్కలు చేసే గేట్లనే చిన్న సర్క్యూట్లు ముందుగా నెమ్మదిస్తాయి. చిప్ పనుల లయను నడిపే గడియారం వేగం తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటాయి. ఒక్కో బిట్టును, అంటే ఒక సున్నానో ఒకటినో, దాచుకునే మెమరీ సెల్‌ను మాత్రం ఎంత నిదానంగా నడిపినా ప్రయోజనం ఉండకపోవచ్చు. అది దాచుకున్న విలువే మారిపోతుంది.

ప్రాసెసర్ల క్యాష్‌లో, అంటే తరచూ కావలసిన సమాచారాన్ని చేతికందేలా ఉంచుకునే చిన్న మెమరీలో, వాడే ఎస్‌ర్యామ్ రకం సెల్‌లో ఆరు ట్రాన్సిస్టర్లుంటాయి. వాటిలో నాలుగు రెండు జతలుగా ఎదురెదురుగా నిలిచి, ఒక జత ఒకటిని, మరో జత సున్నాను పట్టి ఉంచుతాయి. మిగిలిన రెండూ బయటికి తెరుచుకునే తలుపులు. చదవడానికి ముందు బయటి తీగలు రెండింటినీ పూర్తి వోల్టేజికి నింపుతారు. తలుపులు తెరవగానే సున్నా ఉన్న వైపు విద్యుదావేశం లోపలికి దూసుకొచ్చి అక్కడి వోల్టేజిని కాస్త పైకి లేపుతుంది. అది హద్దు దాటిందా, చదవబోయిన బిట్టు చదువుతుండగానే తారుమారవుతుంది. అందుకని తలుపులను బలహీనంగా చేద్దామంటే, కొత్త విలువ రాసేటప్పుడు అవి పాత విలువను నెట్టలేక చతికిలబడతాయి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఈ రెంటి మధ్య డిజైనరుకు దొరికే సందు వోల్టేజి తగ్గినకొద్దీ ఇరుకవుతుంది.

పైగా ఏ రెండు ట్రాన్సిస్టర్లూ అచ్చుగుద్దినట్లు ఒకేలా ఉండవు. వైశాల్యం నాలుగో వంతుకు తగ్గితే వాటి మధ్య తేడా రెట్టింపవుతుందని ఫిలిప్స్ పరిశోధకుడు పెల్‌గ్రోమ్, ఆయన సహచరులు 1989లోనే సూత్రీకరించారు. మెమరీ సెల్‌లో ఉండేవేమో చిప్‌లోకెల్లా చిన్న ట్రాన్సిస్టర్లు. ఒక మెగాబైటు క్యాష్‌లో 80 లక్షలకు పైగా సెల్‌లుంటాయి. పది లక్షల్లో ఒక్కటి చెడినా ఎనిమిది చోట్ల తప్పులుంటాయి. అంటే సగటు సెల్ బాగా పనిచేస్తే సరిపోదు, అన్నిటికన్నా బలహీనమైనది కూడా నిలవాలి. బొమ్మలో ఒక్క సెల్ చక్కగా పనిచేసిందని చూపించి మురిసిపోయే పరిశోధన పత్రాల పట్ల మాకు అంత గౌరవం లేకపోవడానికి కారణం ఇదే.

రేణువుల బెడద దీనికి తోడు. చిప్‌ను కప్పి ఉంచే ప్యాకేజీ పదార్థాల్లోని యురేనియం, థోరియం జాడల నుంచి వెలువడే ఆల్ఫా కణాలు మెమరీ బిట్లను తిప్పేస్తున్నాయని ఇంటెల్‌కు చెందిన మే, వుడ్స్ 1978లో వెల్లడించారు. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లదీ అదే పని. వోల్టేజి తగ్గితే బిట్టును కాపాడే ఆవేశమూ తగ్గుతుంది కాబట్టి చిన్న దెబ్బకే అది తిరగబడుతుంది.

దారులు లేకపోలేదు. చదవడానికి విడిగా మరో రెండు ట్రాన్సిస్టర్లు చేర్చి ఎనిమిదింటితో సెల్ కడితే, చదివేటప్పుడు లోపలి విలువకు హాని ఉండదు. దాదాపు 30 శాతం స్థలం ఎక్కువ పడుతుందని చాలామంది వెనకాడినా, 2008 నాటి నెహాలెం ప్రాసెసర్ల కోర్ క్యాష్‌లకు ఇంటెల్ ఈ పద్ధతినే ఎంచుకుంది. అంతకు ముందు ఏడాదే 65 నానోమీటర్ల ఎనిమిది ట్రాన్సిస్టర్ల మెమరీని 0.35 వోల్టుల దగ్గర నడిపించి అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. రాసే క్షణంలో తీగ వోల్టేజిని సున్నా కన్నా కిందికి దించడం, మెమరీకి మాత్రం వేరుగా ఎక్కువ వోల్టేజి ఇవ్వడం వంటి ఉపాయాలూ ఉన్నాయి. గణిత శాస్త్రవేత్త రిచర్డ్ హామింగ్ 1950లో చూపిన దోష సవరణ మార్గం ఉండనే ఉంది. దాన్ని కాస్త విస్తరించి 64 బిట్లకు 8 తనిఖీ బిట్లు చేరిస్తే ఒక తప్పు దిద్దుకుంటుంది, రెండు తప్పులు పట్టుబడతాయి. అయినా వ్యక్తిగత కంప్యూటర్ల ప్రధాన మెమరీలో ఈ పూర్తి స్థాయి రక్షణ ఇప్పటికీ అరుదే. ఖర్చు మిగుల్చుకునేది తయారీదారు, నష్టపోయేది వినియోగదారు. ఇదేం న్యాయం?

వాహన రంగం ఇంత ఉదాసీనంగా లేదు. వాహనాల ఎలక్ట్రానిక్ వ్యవస్థల భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 26262 అనే అంతర్జాతీయ ప్రమాణం అత్యంత కీలకమైన వ్యవస్థల్లో యాదృచ్ఛిక హార్డ్‌వేర్ వైఫల్యాలు వంద కోట్ల గంటలకు 10 లోపే ఉండాలన్న లక్ష్యం పెట్టింది. శరీరంలో అమర్చే వైద్య పరికరాలు, ఏళ్ల తరబడి ఒకే బ్యాటరీపై నడిచే మీటర్లు, సెన్సర్లలో వాడే చిప్‌లకూ ఇలాంటి అంకెలు బహిరంగంగా ఉండాలని మేము కోరుతున్నాం. కనీస వోల్టేజి ఎంతో రాస్తే చాలదు. ఏ ఉష్ణోగ్రతలో, ఎన్ని చిప్‌లపై పరీక్షించి, ఎంత దోష రేటు దగ్గర ఆ అంకె వేశారో కూడా దాని పక్కనే ఉండాలి. చిప్ లోలోపల దిద్దుకుంటున్న తప్పుల లెక్కను సాఫ్ట్‌వేర్‌కు అందుబాటులో ఉంచాలి. ఆ లెక్క పెరుగుతోందంటే, సమాచారం పాడవకముందే వోల్టేజిని ఒక మెట్టు పెంచుకునే వీలు పరికరానికి ఉంటుంది.