కడుపునొప్పి ఉత్తరం, ఖరీదైన గౌను

మా గ్రూపులో ఒకావిడ ఒక బొమ్మ పెట్టింది. నల్లసిరాతో వేసిన చైనా కొండలు, పొగమంచు, ఆ కొండ అంచున ఒక ఖరీదైన హ్యాండ్‌బ్యాగు. కింద కామెంట్లు చూడాలి! ఆ కాలం వాళ్ల నిరాడంబరత ఎక్కడ, ఈ బ్రాండ్ల పిచ్చి ఎక్కడ అని ఒకటే నిట్టూర్పులు. బొమ్మ నాకూ నచ్చింది, నా పేచీ అంతా ఆ కామెంట్లతోనే. ఈ సిరా బొమ్మలేవో సన్యాసులు సన్యాసుల కోసం వేసుకున్నట్టు మాట్లాడతారేంటి? బ్యాగులు పుట్టకముందు ఆ బొమ్మలే బ్యాగులు.

ని జాన్ సంగతే చూడండి. 14వ శతాబ్దపు చైనా చిత్రకారుడు. బాగా కలిగిన ఇంట్లో పుట్టి, ఆస్తి వదిలేసి, చివరి రోజులు చాలావరకు పడవలోనే గడిపాడు. 1372లో ఆయన వేసిన రోంగ్‌షీ బొమ్మ ఇప్పుడు తైపే నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. కింద నాలుగైదు బక్కచెట్లు, మనిషన్నవాడు లేని ఒక పాక, పైన ఎక్కడో కొండలు, మధ్యలో ఏమీ లేదు. అది నీళ్లు అని మనకే తెలిసిపోతుంది, కానీ నీటి కోసం ఒక్క గీత గియ్యలేదు మహానుభావుడు. రోంగ్‌షీ అంటే మోకాళ్లు పట్టేంత చోటు అని అర్థం.

తీరా ఆయన పోయాక, మింగ్ రాజుల కాలంలో ఏమైంది? యాంగ్జీ నదికి దక్షిణాన ఉన్న జియాంగ్నాన్ వైపు ఒక కుటుంబం సంస్కారం ఉన్నదా, మోటుదా అనేది ఇంట్లో ని జాన్ బొమ్మ ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చేవాళ్లట! అన్నీ వదిలేసినవాడి ఖాళీ కాగితం కోసం డబ్బున్నవాళ్లంతా ఎగబడ్డారు. ఇక నకిలీలు ఊరుకుంటాయా, అక్కడి సూజౌ ఊళ్లో పెద్ద పెద్ద పేర్లు పెట్టి దొంగబొమ్మలు దించేసేవాళ్లు. మన పెళ్లిళ్లలో "ఫస్ట్ కాపీ, ఎవరూ కనిపెట్టలేరు వదినా" అని చెవిలో చెప్పే బ్యాగులే గుర్తొచ్చాయి నాకు.

లోగోల పిచ్చి కొత్తదా? 18వ శతాబ్దంలో చైనా చ్యెన్‌లోంగ్ చక్రవర్తి, చేతిరాతకి పేరుమోసిన 4వ శతాబ్దపు వాంగ్ షీజీ రాసిన 28 అక్షరాల ఉత్తరం మీద తన ముద్రల మీద ముద్రలు కొట్టుకున్నాడు, అవి చాలవన్నట్టు తన రాతలు కూడా చేర్చాడు. మంచు కురిసి తెరిపిచ్చింది, కులాసాయేనా అని స్నేహితుణ్ణి పలకరించిన చీటీ అది. పైగా అది అసలు కూడా కాదు, ఆ తర్వాత తాంగ్ రాజుల కాలంలో తీసిన నకలు అంటారు. చక్రవర్తి గారిది కూడా ఫస్ట్ కాపీయే!

ఇక పారిస్ వాళ్లు. 1951లో ఫ్యాషన్ డిజైనర్ డియోర్ ఒక గౌను మీద చైనా అక్షరాలు అచ్చువేశాడు, నల్లసిరా చేతిరాత, చూడ్డానికి ఎంతో దర్జాగా ఉంటుంది. గౌను పేరు క్విప్రోకో, ఆ ఫ్రెంచి మాటకి పొరపాటుగా అర్థం చేసుకోవడం అని అర్థం (కావాలనే పెట్టాడా ఏంటి?). ఆ రాత 8వ శతాబ్దపు చైనా చేతిరాత కళాకారుడు జాంగ్ షూది. అందులో ఉన్నది ఏ కవిత్వమో కాదు. ఉన్నట్టుండి కడుపునొప్పి, తట్టుకోలేకపోతున్నాను, వేడి చేసిందో చలవ చేసిందో తెలియట్లేదు, కషాయం తాగుదామనుకుంటున్నాను, అదీ ఉత్తరం.

అది వేసుకుని ఎంత మంది పార్టీలకి వెళ్లారో!