పార్కింగ్‌కూ అలకూ మధ్య వంద అడుగులు

2022 ఏప్రిల్ 4 నుంచి గుంటూరు జిల్లాకు సముద్రం లేదు. జిల్లాల పునర్విభజనలో బాపట్ల, రేపల్లె ప్రాంతాలు విడిపోయి కొత్త బాపట్ల జిల్లాలో చేరాయి. విజయవాడ ఉన్న ఎన్టీఆర్ జిల్లాకూ తీరం దక్కలేదు, మచిలీపట్నం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. కాగితం మీద లెక్క ఎలా ఉన్నా, గుంటూరు, విజయవాడ వాళ్లకు బీచ్ అంటే ఇప్పటికీ సూర్యలంకో, మంగినపూడో, చీరాల వాడరేవో. గుంటూరు నుంచి బాపట్ల సుమారు యాభై కిలోమీటర్లు, అక్కడి నుంచి సూర్యలంక మరో తొమ్మిది. తెల్లవారుజామున బయలుదేరితే సూర్యుడు నీళ్లలోంచి పైకి రావడం చూసి, పది గంటలకల్లా ఇంటికి వచ్చి టిఫిన్ చేయవచ్చు. సముద్రం ఇంత దగ్గర్లో ఉన్నా, మా ఇంట్లో ఇద్దరికి మాత్రం అది అందని దూరంలోనే ఉంది.

ఆ ఇద్దరిలో ఒకరు మా అమ్మ. వయసు డెబ్బై నాలుగు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. రెండోవారు మా పెదనాన్న. పక్షవాతం వచ్చినప్పటి నుంచి చక్రాల కుర్చీలోనే ఉంటున్నారు. వీళ్లను బీచ్‌కి తీసుకెళ్తానంటే బంధువులందరిదీ ఒకటే మాట: “ఈ వయసులో వాళ్లకెందుకయ్యా అవస్థ?” అవస్థ వాళ్ల వయసు వల్ల వచ్చింది కాదని రెండు ప్రయాణాల తర్వాత నాకు బాగా అర్థమైంది. అందుకే ఇంత పొడుగు పోస్టు రాస్తున్నాను.

అసలు సముద్రపు ఒడ్డున నడవడమంత తేలికైన నడక ఇంకొకటి లేదని నా అభిప్రాయం. ఎక్కాల్సిన మెట్లు ఉండవు, వెనక నుంచి హారన్ కొట్టే బండ్లు ఉండవు, ఎక్కడ అలసిపోతే అక్కడి నుంచే వెనక్కి తిరగవచ్చు. అల వచ్చి వెళ్లిన చోట తడిసిన ఇసుక గట్టిగా, అలికిన నేలలా ఉంటుంది. ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద నాలుగిళ్లు దాటగానే అరుగు వెతుక్కునే మా అమ్మ, ఆ తడి ఇసుక మీద చెప్పులు చేతిలో పట్టుకుని, పాదాలకు నీళ్లు తగులుతుండగా, నా చెయ్యి కూడా పట్టుకోకుండా దాదాపు కిలోమీటరు నడిచింది. కష్టమంతా ఆ తడి ఇసుక దాకా చేరడంలోనే ఉంది. బండి ఆపిన చోటుకూ అలకూ మధ్య ఉండే పొడి ఇసుకలో కాలు చీలమండ దాకా దిగబడుతుంది. గట్టి నేల మీద నడకతో పోలిస్తే అక్కడ ఒంటికి రెట్టింపు కంటే ఎక్కువ శ్రమ అవుతుంది. ఊతకర్ర కింది రబ్బరు బుష్ ఇసుకలో గుచ్చుకుపోయి, మనిషికి ఆసరా ఇవ్వాల్సిన కర్రనే మనిషి పైకి లాగాల్సి వస్తుంది.

పెదనాన్న సంగతి మరీ విచిత్రంగా జరిగింది. ఏ తీరమో చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క తీరం కథ కాదు. కుర్చీని ఇసుకలోకి నాలుగు అడుగులు నెట్టానో లేదో, ముందున్న చిన్న చక్రాలు రెండూ కూరుకుపోయాయి. ఇంకా గట్టిగా నెడితే పెదనాన్న ముందుకు తూలారు. పక్కనే పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న ఒకాయన లేచి వచ్చి, “ముందుకు నెట్టబాకండి బాబూ, ఎనక్కి తిప్పి లాగండి” అని తనే కుర్చీని తిప్పాడు. నిజంగానే పెద్ద చక్రాలు ముందు పడేసరికి కుర్చీ కదిలింది. చెరొక పక్కనా పట్టుకుని లాగుతూ, మధ్యలో పడవలకు కట్టిన మోకులు అడ్డొచ్చిన రెండుచోట్ల పైకెత్తి దాటిస్తూ, ఆ వంద అడుగులు దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ పెదనాన్న సముద్రానికి వీపు పెట్టి, మేము దిగి వచ్చిన కారునే చూస్తూ కూర్చున్నారు. మధ్యలో ఒకసారి మాత్రం, “ఒరే అబ్బాయ్, సముద్రం వచ్చినప్పుడు చెప్పరా, తిప్పుదువుగాని” అన్నారు. అందరం నవ్వాం. నాకు మాత్రం ఆ నవ్వు ఇంటికొచ్చాక కూడా గుచ్చుకుంటూనే ఉంది.

మరుగుదొడ్డి గురించి చెప్పకపోతే ఈ పోస్టు సగమే అవుతుంది. అమ్మ తెనాలి దాటినప్పటి నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదు. అక్కడ ఎలా ఉంటుందో ఏమోనని భయం. చివరికి ఆ భయమే నిజమైంది: గది శుభ్రంగానే ఉంది కానీ మూడు మెట్లు ఎక్కాలి, పట్టుకోవడానికి కడ్డీ లేదు. పక్కనే సిమెంటుతో ఒక ర్యాంపు పోశారు. నిబంధన ప్రకారం ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి ఉండాలి, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మూడు మెట్లు కలిసి అడుగున్నర అనుకుంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. అక్కడున్నది నా కాలి అంచనాలో అయిదు అడుగులు. దాని మీద కుర్చీని ఎక్కించడం కంటే మెట్ల మీదే నలుగురం ఎత్తుకెళ్లడం తేలిక. ర్యాంపు ఉందని రికార్డులో రాసుకోవడానికి తప్ప అది ఎవరికి పనికొస్తుందో పోసినవాళ్లే చెప్పాలి.

ఇదేమీ నేను కొత్తగా కోరుతున్న వరం కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో ఇసుక మీదుగా నీళ్ల దగ్గరి దాకా 263 మీటర్ల చెక్క దారి వేశారు. కొద్ది రోజులకే మాండూస్ తుపాను వచ్చి దాని చివరి భాగాన్ని దెబ్బతీస్తే, డబ్బు సముద్రంలో పోశారని ఎగతాళి చేసినవాళ్లున్నారు. దాన్ని మళ్లీ బాగుచేశారన్న సంగతి వాళ్లు చెప్పరు. పుదుచ్చేరిలో సముద్రం పక్కనున్న రోడ్డు మీదికి సాయంత్రం 6 నుంచి మర్నాడు ఉదయం 7.30 వరకు వాహనాలను రానివ్వరు. మన విశాఖ బీచ్ రోడ్డులోనూ తెల్లవారుజామున బండ్లు ఆపి నడిచేవాళ్లకు దారి వదులుతారు. అక్కడ చక్రాల కుర్చీలో ఉన్నవారు కూడా అల చప్పుడు వింటూ చదునైన నేల మీద వెళ్లగలరు. మన వైపు తీరాల్లో అలాంటి పొడవైన ఫుట్‌పాత్ లేదు, ఉండాలని నేను పట్టుబట్టడమూ లేదు. సరుగుడు తోట, పడవలు, వలలు ఉన్న తీరం నాకు సిమెంటు గోడ కట్టిన తీరం కంటే ఎక్కువ ఇష్టం.

నేను అడిగేది బండి ఆగిన చోటు నుంచి తడి ఇసుక దాకా ఒక్క దారి మాత్రమే. ఒడ్డున శాశ్వత కట్టడాలకు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలు అడ్డొస్తాయంటారా, చాపలా పరిచి, తుపాను హెచ్చరిక రాగానే చుట్టి లోపల పెట్టుకునే దారులు ఉన్నాయి. కొబ్బరి పీచుకు పెట్టింది పేరైన కోనసీమ ఇదే రాష్ట్రంలో ఉంది, ఆ పీచుతో మందపాటి చాపలు నేయించి పరిచి చూడవచ్చు కదా. దారి పొడవునా రెండు మూడు చోట్ల చేతులు ఆనించుకుని లేవగలిగే బెంచీలు, లావు టైర్లున్న ఇసుక కుర్చీలు రెండు, కడ్డీ ఉన్న మరుగుదొడ్డి. కేంద్రం పర్యాటక స్థలాల కోసం పెట్టిన స్వదేశ్ దర్శన్ పథకంలో సూర్యలంకకు చోటు దక్కింది కాబట్టి అక్కడైనా సెల్ఫీ బోర్డు కంటే ముందు ఈ దారి పడాలని నా కోరిక.

అది పడేలోపు పెద్దవాళ్లతో వెళ్లాలనుకునేవారికి నా అనుభవంలోంచి కొంత. పౌర్ణమికి, అమావాస్యకు పోటు బలంగా ఉంటుంది. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి స్నానాలకు జనం వచ్చేదీ సరిగ్గా అప్పుడే, కనుక నడకకు ఆ రోజులు వద్దు. అష్టమికి అటూ ఇటూ మేలు. నీళ్లు వెనక్కి తగ్గే ఆటు సమయం చూసుకుని వెళ్తే గట్టి ఇసుక ఎక్కువ వెడల్పున దొరుకుతుంది. ఒడ్డు నీళ్లవైపు వాలి ఉంటుంది కాబట్టి ఒకే వైపు నడుస్తూ పోతే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడి నడుము పట్టేస్తుంది, అందుకే ఎంత దూరం వెళ్లారో అంతే దూరం అదే ఒడ్డు మీద వెనక్కి నడవాలి. మంగినపూడిలో నీళ్లు చాలా దూరం లోతుండవు, పిల్లలకు సరదాగా ఉంటుంది కానీ అక్కడ నల్లమట్టి, కర్ర పట్టుకున్నవాళ్లు జారకుండా చూసుకోవాలి. లోతు లేదు కదా అని పిల్లలను వదిలేయడమూ మంచిది కాదు. ఇంకా అంత దూరం వద్దనుకునే విజయవాడవాళ్లు మొదట ప్రకాశం బ్యారేజీ మీద నడిచి చూసుకోవచ్చు. కిలోమీటరుకు పైగా చదునైన దారి, పక్కన నీళ్లు. అదే కృష్ణ ఘాట్లలోకి దిగాలంటే మళ్లీ మెట్లే.

వచ్చే అష్టమికి మళ్లీ బయలుదేరుతున్నాం. మా వీధిలో వడ్రంగి చేత మూడడుగుల ప్లైవుడ్ చెక్కలు నాలుగు కోయించాను. కుర్చీ ముందు రెండు పరిచి, దాటాక వెనకవి తీసి మళ్లీ ముందు వేసుకుంటూ పోవాలని ఆలోచన. అక్క కొడుక్కి ఆ పని అప్పగించాను, వాడు ఇప్పటికే హాల్లో రెండుసార్లు రిహార్సల్ చేశాడు. పెదనాన్న ఒకే షరతు పెట్టారు: ఈసారి మొహం సముద్రం వైపు ఉండాలట.